నార్డాల్ కబుర్లలో నా పేరు

చిన్న ఊళ్లను మెచ్చుకోవడం నా ఉద్యోగం. ఒమాహా నగరంలో మా పేపరు ప్రతి మంగళవారం నాకో అరపేజీ ఇచ్చేది. శుక్రవారం మధ్యాహ్నం కారెక్కి, మూడు నాలుగు గంటల దూరంలో ఏదో ఒక ఊరు పట్టుకుని, ఆదివారానికి ఇంటికి చేరి, సోమవారం పొద్దున్నే రాసిచ్చేసేవాణ్ణి. ఇరవై రెండేళ్లు అదే పని. చదివేవాళ్లకు ఏం కావాలో నాకు కంఠతా వచ్చు. మూతబడ్డ పాత బ్యాంకు, వరండాలో ఊగే బల్ల, ఎదురొచ్చినప్పుడు స్టీరింగు మీంచి రెండు వేళ్లెత్తి పలకరించే రైతు, ఎవరింట్లోనో తిన్న ఇంటి భోజనం. ఈ నాలుగూ దొరికితే వ్యాసం అయిపోయినట్టే. దొరక్కపోతే దొరికినట్టు రాసేవాణ్ణి. ఎవరు వెళ్లి చూసొచ్చారు గనక!

నా పేరు వార్డ్ కెల్సో. నేను చెప్పబోయేది 1994 సెప్టెంబరు మాట. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. నా భార్య జాయిస్ ఒక పళ్ల డాక్టరుతో ఫీనిక్సు వెళ్లిపోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. నేనూ అలాంటి చిన్న ఊళ్లోనే పుట్టి, పద్దెనిమిది నిండగానే అక్కణ్ణుంచి పారిపోయి వచ్చినవాణ్ణే. ఆ సంగతి మాత్రం ఏ వ్యాసంలోనూ రాయలేదు.

ఆ శుక్రవారం సౌత్ డకోటా రాష్ట్రంలో నార్డాల్ అనే ఊరు పట్టుకున్నాను. నాలుగు వందల పన్నెండు మంది జనం, ఒక ధాన్యం గోదాము, రెండు చర్చిలు, ఒక కాఫీ హోటలు. దోసకాయల్లాంటి జుకినీ కాయలు విరగకాసే రోజులు కావడంతో వీధిలో కార్లన్నిటికీ తాళాలు వేసి ఉన్నాయి. దొంగల భయం కాదు. తాళం వెయ్యకపోతే పక్కింటివాళ్లు ఆ కాయలన్నీ తెచ్చి మన సీట్లో పడేసి పోతారు. బ్యాంకు దొరికింది, ఊగే బల్ల దొరికింది, రెండు వేళ్లు ఊరి పొలిమేరలోనే దొరికాయి. ఇంక పాత రైలు స్టేషనులో పెట్టిన మ్యూజియం చూద్దామని వెళితే తలుపుకి తాళం, తాళం పక్కన ఒక కార్డు ఉన్నాయి. "చూడాలంటే వెర్నాకి ఫోన్ చెయ్యండి" అని, కింద నంబరు.

ఎదురుగా ఉన్న ఫోను బూత్‌లోంచి చేశాను. నాలుగు నిమిషాల్లో వచ్చేసిందావిడ. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా, అప్పుడే హడావిడిగా పూసుకున్న లిప్‌స్టిక్కుతో ఉంది. పేరు వెర్నా స్కోగ్లండ్ అని చెప్పింది.

"ఒమాహా నుంచా? దారి తప్పారా నాయనా?"

"లేదండీ, మీ ఊరు చూద్దామనే వచ్చాను."

"చూడ్డానికి ఏముంది ఇక్కడ! సరేలెండి, ఉన్నదేదో చూపిస్తాను. బూట్లు తుడుచుకు రండి. నిన్ననే తడిగుడ్డ పెట్టాను."

లోపల బడిగంట ఒకటి, ఎవరిదో పెళ్లి గౌను, డాక్టరు సంచి, ఒక బల్లకు వరసగా బిగించిన ముప్ఫై నాలుగు రకాల ముళ్లతీగ ముక్కలు ఉన్నాయి. ఆవిడ వస్తువుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అవి ఎవరింటినుంచి వచ్చాయో, ఆ ఇంట్లోవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పింది. ఫలానావాళ్లు సియాటిల్లో, ఫలానావాళ్లు డెన్వర్లో, మిగిలినవాళ్లు చర్చి వెనకాల మట్టిలో. చివరికి సందర్శకుల పుస్తకం నా ముందుకు జరిపి, కలం మూత తానే తీసిచ్చింది. నాకు ముందున్న సంతకం జులై నాలుగోది.

"ఆదివారం దాకా ఉంటారా? అయితే మా ఇంటికి భోజనానికి రండి" అంది.

మా వైపు ఊళ్లలో దీనికొక పద్ధతి ఉంది. మొదటిసారి పిలిస్తే వద్దనాలి. రెండోసారి పిలిస్తే ఇంకాస్త మెత్తగా వద్దనాలి. మూడోసారి ఒప్పుకోవాలి, అదీ వాళ్ల మాట తీసెయ్యలేక ఒప్పుకున్నట్టు. మొదటిసారే సరేనన్నవాడు తిండిపోతు. మూడోసారీ కాదన్నవాడు ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నవాడు. ఇది నాకు మా అమ్మ ఉగ్గుపాలతో పట్టిన విద్య.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాను.

"శ్రమేముంది, నేనెలాగూ వండుకోవాలిగా. రండి."

"ఆదివారం పెందరాళే బయల్దేరదామనుకుంటున్నానండీ."

"తిని బయల్దేరండి. ఖాళీ కడుపుతో నాలుగు గంటలు బండి తోలుతారా? పన్నెండింటికి రండి."

అది మూడోసారి. నాకు వెళ్లాలని లేదు. కానీ ఆవిడ మొహంలోకి చూస్తూ కాదనే ధైర్యమూ లేదు. "మీరెలాగూ వండుకుంటున్నారు కాబట్టి, కాస్త తినిపోతానండీ" అన్నాను. మా వైపు అది దస్తావేజు మీద సంతకంతో సమానం.

ఆవిడ మొహం విప్పారింది. "ఇక్కడి పేపర్లో ఊరి కబుర్లు నేనే రాస్తాను తెలుసా? ఎవరింటికి ఎవరొచ్చారు, ఏం తిన్నారు, అన్నీ. మీ పేరూ వేస్తాను. కెల్సో అనే ఇంటిపేరు మా పేపర్లో ఇంతవరకూ పడలేదు" అంది.

మర్నాడు పొద్దున కాఫీ హోటలుకి వెళ్లాను. నలభై ఏళ్ల గట్టి మనిషి ఒకావిడ చేతిలో కాఫీ కూజాతో ఎదురొచ్చి "ఒక్కరేనా?" అంది. ఎనిమిదేళ్లుగా ప్రతి ఊళ్లోనూ ఇదే ప్రశ్న, నాదీ అదే జవాబు. ఒక్కణ్ణేనన్నాను. నన్ను గోడవైపు చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ పేరు డార్లా అని, హోటలు ఆవిడదేనని మిగతావాళ్ల పిలుపుల్ని బట్టి తెలిసింది. పక్క బల్ల దగ్గర ఇద్దరున్నారు. టోపీ తియ్యకుండా గుడ్లు తింటున్న ముసలి రైతు ఓర్లిన్, వేళ్లకు సిరా మరకలున్న లావాటి మనిషి గ్లెన్. గ్లెన్ ఆ ఊరి వారపత్రిక 'నార్డాల్ హెరాల్డ్'కి యజమాని, సంపాదకుడు, పంచేవాడు కూడా.

బల్లమీద పడున్న హెరాల్డ్ తీసి చూస్తే ఊరి కబుర్లు కనబడ్డాయి. 'ఆదివారం వెర్నా స్కోగ్లండ్ గారి ఇంటికి మినియాపొలిస్ నుంచి ఎడ్గార్, ఐరీన్ లిండెమ్ దంపతులు వచ్చారు. భోజనమయ్యాక పేకాడారు. ఐరీన్ గారు తెచ్చిన రేగుపండ్ల జామ్ అందరికీ నచ్చింది.' పాత సంచికలు ఇంకో నాలుగు కుర్చీ మీద ఉంటే అవీ తిరగేశాను. వెర్నా గారింటికి ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వచ్చారు.

"మీ వెర్నా గారింట్లో భలే సందడండీ! వారం తప్పకుండా చుట్టాలే" అన్నాను, ఎవరితో అని కాకుండా.

ఓర్లిన్ కాఫీలోకి నవ్వాడు.

"నోర్ముయ్ ఓర్లిన్" అంది డార్లా.

"నేనేమన్నానే తల్లీ? ఎడ్గార్ లిండెమ్ పోయి తొమ్మిదేళ్లయింది. మినియాపొలిస్ అంటే మామూలు దూరమా? ఆయన పోయిన చోటు ఇంకా దూరం. అయినా వచ్చి పేకాడిపోయాడంటే మెచ్చుకోవాలా వద్దా?"

నాకు అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. గ్లెన్ కుర్చీ నావైపు తిప్పుకుని గొంతు తగ్గించాడు. "వాళ్లాయన ఆర్విడ్ పోయాక మొదటి రెండేళ్లు నిజంగానే వచ్చేవారండీ చుట్టాలు. తర్వాత మానేశారు. కొందరు పోయారు కూడా. ఆవిడ మాత్రం రాయడం మానలేదు. పన్నెండేళ్లయింది. రాసిస్తుంది, వేస్తాను. ఎవరి సొమ్మేం పోయింది?"

"ఊళ్లో అందరికీ తెలుసా?"

"తెలీనిదెవరికి?"

"మరి మీరెవరన్నా వెళ్లొచ్చుగా ఒక ఆదివారం?"

ముగ్గురూ నన్ను వింతగా చూశారు. డార్లా కూజా బల్లమీద పెట్టింది. "ఎలా పోతామండీ? ప్రతి ఆదివారం ఇంటినిండా చుట్టాలని పేపర్లో పడుద్ది. చుట్టాలున్న ఇంటికి పిలవకుండా ఎవరన్నా పోతారా? పోయామనుకోండి, ఏరమ్మా నీ చుట్టాలు, చూపించు అని అడగడానికి పోయినట్టుండదూ? ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటది?"

"ఆవిడైనా పిలవొచ్చుగా మిమ్మల్ని?"

"కుర్చీలన్నీ నిండినాయని రాసుకున్నాక మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడుద్ది?"

ఇలాంటి పని మావాళ్లకే చేతనవుతుంది. ఒక ముసలావిడ మనసు నొప్పించకూడదని ఊరంతా కూడబలుక్కుని, పన్నెండేళ్లు ఆవిణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టింది. ఒక్కరికైనా చెడ్డ ఉద్దేశం లేదు. ఉంటే ఏనాడో ఒకరు వెళ్లి తలుపు కొట్టి ఉందురు.

"ఒమాహా ఆయన మీరేగా?" అన్నాడు ఓర్లిన్ ఉన్నట్టుండి. "నిన్న సాయంత్రం మూడు పౌన్ల గొడ్డుమాంసం కొనింది. మా చెల్లెలే కొట్లో తూకం వేసింది. ఎప్పుడూ కొనేది రెండు సాసేజీలు."

"మేజాబట్ట ఇస్త్రీ చేసుకుందంట కూడా" అంది డార్లా. "వెళ్తున్నారుగా? చూడండి, మీరు పై ఊరివారు. మాకున్న అడ్డం మీకు లేదు."

"పిలిచారు, ఒప్పుకున్నానండీ" అన్నాను.

"వెళ్లండి సార్" అన్నాడు గ్లెన్. "పన్నెండేళ్లకి ఆ కబుర్లలో ఒక నిజం వేసుకుంటాను." నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఊరంతా నన్ను పలకరించింది. పెట్రోలు బంకు మనిషి, చర్చి గడ్డి కోస్తున్నాయన, ఎవరో తెలియని ఇద్దరు ఆడవాళ్లు. నా పేరు అందరికీ తెలుసు. నిజం చెప్పాలంటే నాకు ఊపిరాడలేదు. మోటల్ గదిలో మంచం మీద కూర్చుని మాంసం ముక్కలు పెట్టిన రొట్టె తింటూ టీవీలో వాతావరణం చూశాను. ఆ రాత్రి పాలు పోసేవాడి దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా అందరూ నా భోజనం గురించి ఆలోచిస్తున్నారు. నా జీవితంలో నా భోజనం గురించి అంతమంది ఆలోచించింది ఎప్పుడూ లేదు.

ఆదివారం పదింటికి గది ఖాళీ చేశాను. పెట్టె డిక్కీలో పెట్టాను. వీధులు రెండు చుట్లు తిరిగి, పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా ఆవిడ వీధి మొదట్లో కారాపాను.

మొదట్లోనే తెల్లరంగు చిన్న ఇల్లు. ముందుగది కిటికీ తెర పక్కకు లాగి ఉంది. లోపల బల్ల కనబడుతోంది. తెల్ల మేజాబట్ట, రెండు పళ్లేలు, మధ్యలో గాజు గిన్నెలో ఏవో పూలు. ఆవిడ నీలం గౌను వేసుకుంది. ఒక కుర్చీని కిటికీవైపు జరిపింది. కాస్త దూరంగా నిలబడి చూసి, మళ్లీ యథాస్థానంలో పెట్టింది. జుట్టు సవరించుకుంది. ఊళ్లో రోజూ మోగే పన్నెండింటి సైరను మోగింది. ఆవిడ గుమ్మంవైపు తిరిగి నిలబడింది.

నేను దిగలేదు. ఏదో పనుందని కాదు, నాకెప్పుడూ ఏ పనీ ఉండదు. భయం వేసింది. అలాంటి బల్ల నా ఇంట్లో ఒకటుంది, దాని ముందు కూర్చోలేకే శుక్రవారం వచ్చేసరికి కారెక్కుతున్నాను. వంటింట్లో నిలబడి, గిన్నెలు తోమే తొట్టి దగ్గరే తినేస్తాను. ఎవరూ రాని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. గ్రేవీ వడ్డించే లోపే నన్ను పోల్చేస్తుంది. మీ ఆవిడ ఎక్కడ నాయనా అని మెల్లగా అడుగుతుంది. నేను చెబుతాను. ఆ తర్వాత ఏడుస్తానేమో కూడా. యాభై ఎనిమిదేళ్ల మగవాడు, ముక్కూ మొహం తెలియని ఇంట్లో, మెదిపిన బంగాళాదుంపల ముందు.

పది నిమిషాలు ఇంజను ఆపకుండా కూర్చున్నాను. తర్వాత కారు వెనక్కి తిప్పాను. పొలిమేరలో ఎవరో రైతు రెండు వేళ్లెత్తాడు. నేనూ ఎత్తాను.

ఇంటికొచ్చి సాయంత్రం వ్యాసం రాయడానికి కూర్చున్నాను. బ్యాంకు ఉంది, ఊగే బల్ల ఉంది, రెండు వేళ్లున్నాయి. ఇంటి భోజనం ఒక్కటే తక్కువ. రాసేశాను. వెర్నా స్కోగ్లండ్ అనే ఆవిడ ఇంట్లో నీలం గౌను, తెల్ల మేజాబట్ట, పొయ్యిలో నాలుగు గంటలు మగ్గిన మాంసం, గుంట చేసి గ్రేవీ పోసిన బంగాళాదుంపలు, చివర్లో ఏలకులు దంచి వేసిన తియ్యరొట్టె. రెండోసారి వడ్డించుకున్నానని రాశాను. ఆవిడ మెట్లదాకా వచ్చి సాగనంపిందని రాశాను. గంటలో అయిపోయింది. అంత బాగా నేను అంతకుముందు ఏదీ రాయలేదు. రాశాక నిజంగానే తిన్నంత తృప్తి కలిగింది. పైగా ఆవిడకి మంచే చేశాననుకున్నాను. పెద్ద పేపర్లో పడితే ఊరు నమ్ముతుంది కదా, ఆవిడకి ఒక నిజమైన అతిథి ఉన్నట్టే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేనివాడికి సమాధానాలకేం కొదవ?

మంగళవారం వ్యాసం అచ్చయింది. గురువారం పొద్దున ఆఫీసుకి ఫోనొచ్చింది. గ్లెన్.

"అదరగొట్టారండీ! డార్లా మీ వ్యాసాన్ని కత్తిరించి గల్లాపెట్టె పైన అంటించింది. ఓర్లిన్ అయితే, మీ కారు ఆ వీధిలో ఆగి ఉండటం నేనే ముందు చూశానని వచ్చినవాడికల్లా చెబుతున్నాడు. చాలా మంచిపని చేశారు సార్."

నేనేదో గొణిగాను.

"ఒక్కటే బాధండీ" అన్నాడు. గొంతు మారింది. "పాపం, వెర్నాకి మతి తప్పుతోంది. బుధవారం కబుర్లు తెచ్చిచ్చింది. ఏం రాసిందో తెలుసా? 'ఆదివారం వెర్నా స్కోగ్లండ్ ఇంటికి ఎవరూ రాలేదు.' అంతే, ఒక్క వాక్యం. చూడండి మరి. రానివాళ్లు వచ్చారని రాసిన పన్నెండేళ్లూ బుర్ర పాదరసంలా పనిచేసింది. నిజంగా ఒక మనిషొచ్చి కడుపునిండా తినిపోతే గుర్తులేదంట. మీ వ్యాసం పక్కన పెట్టుకుని ఆ వాక్యం కొట్టేసి, మీరొచ్చిన సంగతి నేనే రాసేశాను. ఇంక కబుర్లు నేను చూసుకుంటాలే, నువ్వు విశ్రాంతి తీసుకోమని ఆవిడకి చెప్పాను. మ్యూజియం తాళం కూడా తీసుకోమని ఇచ్చేసింది."

"గ్లెన్ గారూ, ఆవిడ రాసింది నిజం. నేను వెళ్లలేదు."

"ఏంటి సార్?" అన్నాడు గ్లెన్.

"కారులోంచి చూసి వెనక్కొచ్చేశానండీ. భోజనం అంతా కల్పించి రాశాను. ఆవిడ బుర్రకేం కాలేదు. మీరు కొట్టేసింది నిజం."

గ్లెన్ మెల్లగా నవ్వాడు. చాలా ఆప్యాయంగా నవ్వాడు. "మీరు దొడ్డమనిషి సార్. ఆవిడ మాట నిలబెట్టడానికి మీ పరువు తీసుకుంటున్నారు. ఇంత చేస్తారని అనుకోలేదు. మీరు మావాళ్లే, పెద్ద ఊళ్లో ఉన్నారు గానీ."

"అయ్యా, ఒట్టేసి చెబుతున్నాను..."

"సరే సరే, మీరు వెళ్లలేదు. అలాగే అనుకుందాం. నేనెవరికీ చెప్పనులెండి" అని పెట్టేశాడు.

ఎవరికి చెప్పినా ఇంతేనని నాకు తెలిసిపోయింది. ఆ ఊళ్లో అబద్ధాన్ని మన్నించడం ఎంత అలవాటంటే, నిజం చెప్పినా మన్నిస్తారు. మ్యూజియం తలుపు మీది నంబరు నా నోటుపుస్తకంలో ఉంది. చేశాను. రెండో మోతకే ఎత్తింది.

"వెర్నా గారూ, నేను వార్డ్ కెల్సోని."

"ఆఁ, చెప్పండి. బండికేమన్నా అయిందా ఆదివారం? అదే అనుకున్నాను."

నేను అబద్ధం చెప్పుకోవడానికి వీలుగా తలుపు తీసిపెట్టింది. ఆ దయ చూసి నాకు ఒళ్లు చచ్చిపోయింది. "లేదండీ. బండి బాగానే ఉంది. మీ వీధి మొదలు దాకా వచ్చాను."

"చూశాను. తెల్లకారు. దిగుతారు కదా అని గ్రేవీ మళ్లీ వెచ్చబెట్టాను."

ఫోనులో ఆవిడ వంటింటి రేడియో వినబడుతోంది, గోధుమ ధరలు చదువుతున్నారు. నేను క్షమించమన్నాను. ఎందుకు దిగలేదో చెప్పడానికి ప్రయత్నించాను. నా ఇంట్లో బల్ల గురించి, జాయిస్ గురించి, తొట్టి దగ్గర నిలబడి తినడం గురించి, అన్నీ చెప్పేశాను. ఆదివారం ఆవిడ బల్ల దగ్గర చెప్పాల్సినవన్నీ గురువారం ఆఫీసు ఫోనులో చెప్పాను. ఆవిడ అడ్డురాకుండా విన్నది.

"మూడున్నర దాకా కూర్చున్నాను నాయనా" అంది చివరికి. "కూర్చుని కూర్చుని అనిపించింది, ఈ ఒక్కసారికి ఉన్నదున్నట్టు రాద్దామని. ఎలా ఉంటుందో చూద్దామని. రాస్తే చేతికి తేలికగా ఉంది. గ్లెన్‌కి నచ్చలేదు."

"గ్లెన్‌కి చెప్పానండీ. నమ్మలేదు. మా పేపర్లో వేయిస్తాను, నేను రాలేదని, రాసిందంతా అబద్ధమని."

"వేస్తే మీ ఉద్యోగం పోతుంది. నా కబుర్లు ఎలాగూ పోయాయి, ఇంక మీదీ ఎందుకు? అయినా చాలా బాగా రాశారు. రెండుసార్లు చదివాను. రొట్టె ఒక్కటే తప్పు. నేను ఏలకులు వెయ్యను, మా ఆర్విడ్‌కి పడేవి కావు."

ఆ క్షణంలో నాకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. ఆ తెల్ల మేజాబట్ట ముందు, ఆవిడ సరిచేసిన ఆ కుర్చీలో కూర్చోవాలి, అంతే. ఎనిమిదేళ్లలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని తినాలని అనిపించడం అదే మొదటిసారి.

"వెర్నా గారూ, ఈ ఆదివారం వస్తాను. పన్నెండింటికి. నిజంగా వస్తాను. మీరేమీ వండకండి, ఉత్త కాఫీ చాలు."

"ఎందుకు నాయనా, మీరొచ్చి వెళ్లారుగా. పేపర్లో పడింది."

"ఒక్కసారి రానివ్వండి."

రేడియోలో గోధుమలైపోయి మొక్కజొన్న ధరలు మొదలయ్యాయి. ఆవిడ రేడియో తగ్గించింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. మర్యాదగా ఉంది, మ్యూజియంలో ముళ్లతీగలు చూపించినప్పటిలా.

"ఈ ఆదివారం కుదరదు. మా ఇంటికి చుట్టాలొస్తున్నారు."

"ఎవరండీ?"

"ఎడ్గార్, ఐరీన్. మినియాపొలిస్ నుంచి."

చుట్టాలున్న ఇంటికి పిలవకుండా ఎవరూ వెళ్లరు. మా అమ్మ నేర్పిన పద్ధతుల్లో అదీ ఒకటి.

"అలాగేనండీ. వాళ్లను అడిగానని చెప్పండి" అన్నాను.

"చెబుతాను" అని ఫోను పెట్టేసింది.